డొనాల్డ్ సాడోవే

డొనాల్డ్ రాబర్ట్ సాడోవే (జననం: 1950 మార్చి 7) కెనడాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లోహశాస్త్రవేత్త, అధ్యాపకుడు, ఆవిష్కర్త. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)లో నాలుగు దశాబ్దాలకు పైగా పదార్థ రసాయన శాస్త్రాన్ని బోధించి, అక్కడే విశ్రాంత ఆచార్యుడయ్యాడు. సౌరవిద్యుత్తును, పవన విద్యుత్తును పెద్ద ఎత్తున నిల్వచేయడానికి ఉద్దేశించిన ద్రవలోహ బ్యాటరీ, బొగ్గు అవసరం లేకుండా ఇనుమును తీసే విద్యుద్విశ్లేషణ పద్ధతి, అల్యూమినియం-గంధకం బ్యాటరీ - ఈ మూడూ ఈయన పరిశోధనల్లో ముఖ్యమైనవి. ఈ మూడింటిపైనా వ్యాపార సంస్థలు వెలిశాయి. వాటిలో మొదటిదైన ఆంబ్రి 2024లో దివాలా తీసింది. ప్రయోగశాలలో నెగ్గిన ఆలోచన కర్మాగారంలో ఎందుకు తడబడుతుందో తెలుసుకోదలచిన విద్యార్థులకు ఈయన జీవితం మంచి పాఠ్యాంశం.

బాల్యం, విద్యాభ్యాసం

సాడోవే కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో టొరంటో నగరంలో జన్మించాడు. ఈయన పూర్వీకులు ఉక్రెయిన్ నుండి వలస వచ్చినవారు. విద్యార్థి దశలో, 1972-74 మధ్యకాలంలో, ఉక్రెయిన్ సంతతికి చెందిన కెనడా విద్యార్థుల సంఘం జాతీయ కార్యవర్గంలో సభ్యుడిగా పనిచేశాడు. పట్టభద్రుడైనది, స్నాతకోత్తర విద్య పూర్తిచేసినది, 1977లో డాక్టరేటు పొందినది - అన్నీ టొరంటో విశ్వవిద్యాలయంలోనే. రసాయన లోహశాస్త్రం ఈయన ప్రత్యేక విషయం. ఖనిజం నుండి లోహాన్ని వేరుచేసే రసాయన ప్రక్రియలను అధ్యయనం చేసే శాస్త్రమిది. బ్యాటరీల మీద పేరు తెచ్చుకున్న వ్యక్తి చదివినది బ్యాటరీల శాస్త్రం కాదన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాతి కథంతా దీని మీదనే ఆధారపడి ఉన్నది.

1977లో నాటో పరిశోధక వృత్తి లభించి ఎం.ఐ.టి.కి వచ్చాడు. అక్కడ హంగరీలో పుట్టిన ప్రసిద్ధ లోహశాస్త్రవేత్త జూలియన్ సెకెలీ వద్ద పరిశోధన చేశాడు. మరుసటి సంవత్సరమే, అంటే 1978లో, అక్కడే అధ్యాపకుడిగా చేరాడు. తరువాతి కాలంలో జాన్ ఎఫ్. ఎలియట్ పేరిట నెలకొల్పిన ఆచార్య పీఠాన్ని అధిష్ఠించాడు.

అధ్యాపకుడిగా

ఎం.ఐ.టి.లో ప్రతి పాఠ్యాంశానికీ ఒక సంఖ్య ఉంటుంది. పేరుకన్నా సంఖ్యతోనే విద్యార్థులు దానిని పిలుచుకుంటారు. సాడోవే అనేక సంవత్సరాలు బోధించినది 3.091, అనగా ఘనస్థితి రసాయన శాస్త్ర పరిచయం. మొదటి సంవత్సరం విద్యార్థులకు ఉద్దేశించిన ఈ తరగతికి ఈయన కాలంలో హాజరు విపరీతంగా పెరిగి, ఆ విద్యాసంస్థలో అతి పెద్ద తరగతులలో ఒకటిగా పేరుపొందింది. తరగతి మొదలయ్యే ముందు ఆనాటి పాఠానికి సంబంధం ఉన్న సంగీతం వినిపించడం ఈయన అలవాటు. తెరమీద బొమ్మలు చూపినా, నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తూ చెప్పడమే ఈయనకు ఇష్టం. 2012లో టెడ్ వేదికపై ప్రసంగించినప్పుడు కూడా వేదిక మీదికి నల్లబల్లను తెప్పించుకున్నాడు. జీవితమంతా సుద్దముక్కతో గడిపిన అధ్యాపకులెవరికైనా ఇది ముచ్చట కలిగించే విషయమే.

ఎం.ఐ.టి. తన పాఠాలను అందరికీ ఉచితంగా అంతర్జాలంలో ఉంచడం మొదలుపెట్టిన తరువాత 3.091 ఉపన్యాసాలు ప్రపంచమంతటా చేరాయి. వాటిని చూసినవారిలో మైక్రోసాఫ్ట్ వ్యవస్థాపకుడు బిల్ గేట్స్ ఒకడు. పాఠాలు నచ్చి సాడోవేను కలుసుకున్నాడు. ఆ పరిచయమే తరువాత ఆంబ్రి సంస్థకు తొలి పెట్టుబడి అయింది. ఒక రసాయన శాస్త్ర పాఠం పెట్టుబడిని రాబట్టిన సందర్భాలు అరుదు.

విద్యుత్తు నిల్వ సమస్య

ఈయన పరిశోధనను అర్థం చేసుకోవడానికి ముందు ఒక సంగతి తెలియాలి. విద్యుత్తు తీగల్లో నిలవ ఉండదు. ఏ క్షణంలో ఎంత వాడకం ఉన్నదో ఆ క్షణంలో అంత ఉత్పత్తి జరగాలి. బొగ్గు కేంద్రంలో కావలసినప్పుడు ఎక్కువ మండించవచ్చు. సూర్యుడిని, గాలిని అలా ఆజ్ఞాపించలేము. మధ్యాహ్నం మిగిలిన సౌరవిద్యుత్తును రాత్రి ఎనిమిది గంటలకు ఇంటింటా దీపాలు వెలిగే వేళకు అందించాలంటే దానిని ఎక్కడో ఒకచోట దాచాలి.

దాచే పద్ధతుల్లో తెలుగువారికి పరిచయమైనది నీటిని ఎత్తిపోసే పద్ధతి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు యంత్రాలున్నాయి. ఇవి రెండు విధాలా తిరుగుతాయి. విద్యుత్తు అవసరమైనప్పుడు నీటిని కిందికి వదిలి ఉత్పత్తి చేస్తాయి. విద్యుత్తు మిగిలినప్పుడు దిగువన ఉన్న నీటిని తిరిగి జలాశయంలోకి తోడుతాయి. పద్ధతి చక్కనిదే, కాని దీనికి కొండ, లోయ, నది మూడూ కావాలి. కొండలులేని చోట్ల బ్యాటరీలే శరణ్యం. ఫోన్లలో, కార్లలో వాడే లిథియం-అయాన్ బ్యాటరీ తేలికగా, చిన్నదిగా ఉండేందుకు రూపొందినది. నేలమీద కదలకుండా ఉండే బ్యాటరీకి బరువుతో పనిలేదు. దానికి కావలసినవి రెండే: చవకగా ఉండాలి, చాలా ఏళ్లు మన్నాలి. సాడోవే ఇక్కడినుండి ఆలోచన మొదలుపెట్టాడు.

అల్యూమినియం కొలిమి నుండి ద్రవలోహ బ్యాటరీకి

1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే పద్ధతిని కనిపెట్టారు. అల్యూమినాను కరిగిన క్రయొలైటు లవణంలో కలిపి, సుమారు 960 డిగ్రీల సెల్సియస్ వద్ద విద్యుత్తును పంపితే, అడుగున ద్రవ అల్యూమినియం పోగవుతుంది. అంతకుముందు వెండితో పోటీపడే ధర పలికిన లోహం ఆ తరువాత వంటపాత్రల స్థాయికి దిగివచ్చింది. నేటికీ ప్రపంచంలో అల్యూమినియం ఈ పద్ధతిలోనే తయారవుతున్నది. ఈ తొట్లలోకి లక్షల ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆ ప్రవాహం వల్ల పుట్టే వేడే తొట్టిలోని లవణాన్ని కరిగిన స్థితిలో ఉంచుతుంది. బయటినుండి మంట పెట్టనవసరం లేదు.

అల్యూమినియం కొలిమి ఇంత విద్యుత్తును ఇంత చవకగా మింగగలుగుతున్నప్పుడు, మింగినదాన్ని తిరిగి కక్కేటట్లు దానిని మార్చలేమా? ఇదీ సాడోవే వేసుకున్న ప్రశ్న. బ్యాటరీల నిపుణుడికి ఈ ప్రశ్న తట్టే అవకాశం తక్కువ. లోహాల కొలిమి చూసినవాడికే తడుతుంది.

సమాధానానికి కొన్ని పాత ఆనవాళ్లు కూడా ఉన్నాయి. 1920వ దశకంలో అమెరికాలోని అల్కోవా సంస్థకు చెందిన విలియం హూప్స్ అల్యూమినియాన్ని శుద్ధిచేయడానికి మూడు ద్రవాలు ఒకదానిపై ఒకటి తేలే తొట్టిని రూపొందించాడు. 1960వ దశకంలో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల వంటిచోట్ల ద్రవలోహ ఘటాలపై ప్రయోగాలు జరిగాయి. ఆనాడు పెద్ద ఎత్తున నిల్వ చేయవలసిన సౌరవిద్యుత్తు లేదు కనుక ఆ పని మరుగున పడింది.

2000 దశకం మధ్యలో సాడోవే, ఆయన విద్యార్థి డేవిడ్ బ్రాడ్‌వెల్ మొదలుపెట్టిన ఘటం నిర్మాణం చాలా సులువైనది. ఒక గిన్నెలో నూనె, నీరు పోస్తే వేరువేరు పొరలుగా నిలుస్తాయి కదా. అలాగే ఒక ఉక్కు పాత్రలో మూడు ద్రవాలు ఉంటాయి. పైన తేలికైన మెగ్నీషియం, అడుగున బరువైన ఆంటిమొనీ, నడుమ కరిగిన లవణం. మూడింటి సాంద్రతలు వేరు, ఒకదానిలో ఒకటి కలవవు. కనుక వాటిని విడదీయడానికి మరే పొర అవసరం లేదు. ఆంటిమొనీకి తెలుగులో నీలాంజనం అనే పేరున్నది.

విద్యుత్తును వాడుకునే సమయంలో పైనున్న మెగ్నీషియం పరమాణువు రెండు ఎలక్ట్రానులను వదిలి అయానుగా మారుతుంది. ఆ ఎలక్ట్రానులు బయటి తీగగుండా పోయి మన పని చేసిపెడతాయి. అయాను మాత్రం లవణంలో ఈదుకుంటూ అడుగుకు చేరి, అక్కడ ఎలక్ట్రానులను కలుసుకొని ఆంటిమొనీతో మిశ్రలోహమవుతుంది. పై పొర పలుచబడుతుంది, కింది పొర దళసరి అవుతుంది. ఛార్జి చేసేటప్పుడు ఇదంతా తిరగబడి మెగ్నీషియం మళ్లీ పైకి చేరుతుంది.

ఇందులో పెద్ద లాభం ఎక్కడున్నదంటే, మామూలు బ్యాటరీలో ఎలక్ట్రోడులు ఘనపదార్థాలు. ఛార్జి ఎక్కించి, దించిన ప్రతిసారీ అవి కొద్దిగా ఉబ్బి, ముడుచుకొని, క్రమంగా పగుళ్లుబారతాయి. బ్యాటరీ ముసలిదవడమంటే చాలావరకు ఇదే. ద్రవానికి పగుళ్లు పట్టవు. ప్రతిసారీ కొత్తగా పుట్టినట్లే ఉంటుంది.

ఇబ్బందులు లేకపోలేదు. మొదటి ఘటం పనిచేయడానికి 700 డిగ్రీల వేడి కావలసి వచ్చింది. వోల్టేజి అర వోల్టు కూడా లేదు. లిథియం-అయాన్ ఘటం మూడు వోల్టులకు పైగా ఇస్తుంది గనుక, అదే ఫలితానికి ఇక్కడ ఎన్నో ఘటాలను వరుసగా కలపాలి. అందుచేత లోహాలను మార్చడం మొదలయింది. పైన లిథియం, అడుగున ఆంటిమొనీతో సీసం కలిపిన ఘటం గురించి 2014లో నేచర్ పత్రికలో ఈ బృందం ప్రకటించింది. సీసం కలిపితే ద్రవీభవన స్థానం తగ్గుతుందని వారికి తెలుసు, దానితోపాటు వోల్టేజి కూడా కొంత పడిపోతుందనుకున్నారు. చిత్రంగా, వోల్టేజి పడిపోలేదు. ఉష్ణోగ్రత 450 డిగ్రీలకు దిగింది. 450 సార్లు ఛార్జి చేసి దించిన ఘటాల ఫలితాలను బట్టి, రోజుకొకసారి చొప్పున పది సంవత్సరాలు వాడినా 85 శాతానికి మించి సామర్థ్యం నిలుస్తుందని అంచనా వేశారు. పెట్టిన విద్యుత్తులో తిరిగి వచ్చేది 73 శాతం.

ఈ పనికి సాడోవే అనుభవజ్ఞులైన బ్యాటరీ నిపుణులను ఏరికోరి తెచ్చుకోలేదు. విద్యార్థులను, కొత్తవారిని తీసుకొని తానే నేర్పాడు. ఇది కావలసి చేసిన పనేనని, ఏది అసాధ్యమో ముందే తెలిసిన నిపుణుడికన్నా తెలియని విద్యార్థి నయమని ఆయన టెడ్ ప్రసంగంలో వివరించాడు. ఘటాల పరిమాణం పెరిగేకొద్దీ ప్రయోగశాలలో వాటికి ముద్దుపేర్లు కూడా పుట్టాయి. ఒక వాట్-అవర్ నిల్వచేసేది చిన్న పానీయపు గ్లాసంత, 20 వాట్-అవర్లది హాకీ ఆటలో వాడే బిళ్లంత, 200 వాట్-అవర్లది సాసరంత, ఒక కిలోవాట్-అవరు నిల్వచేసేది పిజ్జా అంత.

ఆంబ్రి సంస్థ

2009లో అమెరికా ప్రభుత్వపు ఇంధన పరిశోధనా విభాగమైన ఆర్పా-ఇ ఈ పరిశోధనకు సుమారు 70 లక్షల డాలర్లు ఇచ్చింది. ఫ్రెంచి చమురు సంస్థ టోటల్ కూడా 40 లక్షల డాలర్లతో ముందుకు వచ్చింది. 2010లో సాడోవే, బ్రాడ్‌వెల్, లూయిస్ ఒర్టిజ్ కలిసి ద్రవలోహ బ్యాటరీ కార్పొరేషన్ అనే సంస్థను స్థాపించారు. దీనికి గేట్స్, టోటల్ తొలి పెట్టుబడిదారులు. 2012లో దీని పేరు ఆంబ్రిగా మారింది. కేంబ్రిడ్జి పట్టణం పేరును ఆంగ్లంలో రాసి, మొదటి అక్షరాన్నీ చివరి మూడు అక్షరాలనూ తీసివేస్తే మిగిలేది ఈ పేరు. అదే సంవత్సరం వినోద్ ఖోస్లాకు చెందిన పెట్టుబడి సంస్థ కూడా ఇందులో చేరింది. 2014లో మరో మూడున్నర కోట్ల డాలర్లు సమకూరాయి.

ఆ రోజుల్లో పరిస్థితి ఎంతో ఆశాజనకంగా ఉండేది. టైమ్ పత్రిక 2012లో ప్రపంచంలో అత్యంత ప్రభావశీలురైన వందమంది జాబితాలో సాడోవేను చేర్చింది. ఓడల్లో సరుకు పంపే 40 అడుగుల ఇనుప పెట్టెలో ఘటాలను పేర్చి, 2 మెగావాట్-అవర్ల విద్యుత్తును నిల్వ చేయవచ్చునని ఆయన టెడ్ వేదికపై చెప్పాడు.

చిక్కు వచ్చినది రసాయన శాస్త్రంలో కాదు, మూత దగ్గర. కరిగిన లిథియం, లవణాలు ఉన్న పాత్రలోకి గాలి గాని తేమ గాని చొరబడకూడదు. అదే సమయంలో విద్యుత్తు బయటికి రావడానికి ఒక లోహపు కడ్డీ మూతగుండా రావాలి. ఆ కడ్డీ పాత్రను తాకకూడదు, తాకితే షార్టు అవుతుంది. అంటే 500 డిగ్రీల ప్రాంతంలో సంవత్సరాల తరబడి నిలిచే, విద్యుత్తును ప్రసరింపజేయని, గాలి దూరని బిగింపు కావాలి. వేడికి లోహం ఒకలా, పింగాణీ ఒకలా వ్యాకోచిస్తాయి. ఈ బిగింపులు అనుకున్నట్లు నిలవలేదు. 2015 సెప్టెంబరులో ఆంబ్రి తన సిబ్బందిలో సుమారు నాలుగోవంతు మందిని తొలగించి, అమ్మకాల ప్రణాళికను వాయిదా వేసుకున్నది. సాంకేతిక విద్యార్థులు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా గమనించాలి. నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసంలో ఘటం ఎన్నిసార్లు పనిచేసిందన్నది ప్రధానం. బజారులో అమ్మే ఘటంలో మూత ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ప్రధానం.

ఆ తరువాత సంస్థ రసాయన పద్ధతినే మార్చుకున్నది. లిథియం స్థానంలో కాల్షియం మిశ్రలోహం, లవణంగా కాల్షియం క్లోరైడు, ఆంటిమొనీ ఘనరూపంలో రేణువులుగా వచ్చాయి. అంటే మూడు ద్రవాల బ్యాటరీ చివరికి పూర్తి ద్రవ బ్యాటరీగా మిగలలేదు. పేరు మాత్రం ద్రవలోహ బ్యాటరీగానే కొనసాగింది.

2021 ఆగస్టులో ఆంబ్రికి 14.4 కోట్ల డాలర్ల పెట్టుబడి లభించింది. ఇందులో 5 కోట్ల డాలర్లు భారతదేశానికి చెందిన రిలయన్స్ న్యూ ఎనర్జీ సోలార్ సంస్థవి. పాల్సన్ సంస్థ, బిల్ గేట్స్ మిగిలినవారిలో ముఖ్యులు. భారతదేశంలో పెద్ద బ్యాటరీ కర్మాగారం నెలకొల్పే విషయమై రిలయన్స్‌తో చర్చలు జరుగుతున్నట్లు ఆనాడు ప్రకటించారు. 2022లో అమెరికాలోని ఎక్సెల్ ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ కొలరాడో రాష్ట్రంలో 300 కిలోవాట్-అవర్ల బ్యాటరీని పరీక్షించడానికి ఒప్పుకున్నది.

ఈలోగా బజారు మారిపోయింది. ఆంబ్రి పుట్టిన 2010లో లిథియం-అయాన్ బ్యాటరీల ధర కిలోవాట్-అవరుకు వెయ్యి డాలర్లకు పైన ఉండేది. 2023 నాటికి సుమారు 140 డాలర్లకు పడిపోయింది. విద్యుత్ కార్ల కోసం చైనాలోను, ఇతరచోట్ల వెలసిన మహా కర్మాగారాలే దీనికి కారణం. చవకదనమే ఆయుధంగా పుట్టిన బ్యాటరీకి ఆ ఆయుధం చేతిలోంచి జారిపోయింది. కొత్త కర్మాగారం కట్టడానికి డబ్బు సమకూరక, 2024 మే నెలలో ఆంబ్రి అమెరికా దివాలా చట్టం పదకొండవ అధ్యాయం కింద డెలావేర్ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. తరువాత సంస్థ ఆస్తులు దానికి అప్పిచ్చినవారి వశమయ్యాయి.

సాడోవే తరచుగా చెప్పే సూత్రం ఒకటున్నది. ఏదైనా వస్తువు మట్టి ధరకు దొరకాలంటే దానిని మట్టితోనే చేయాలి, అదీ ఇరుగుపొరుగున దొరికే మట్టి అయితే మరీ మంచిదని దాని సారాంశం. ఈ సూత్రాన్ని ఆయన బ్యాటరీకే అన్వయించి చూస్తే మెగ్నీషియం, కాల్షియం నెగ్గుతాయి గాని ఆంటిమొనీ నెగ్గదు. ఆంటిమొనీ భూమిలో విస్తారంగా దొరకదు. గనుల్లోను, శుద్ధిలోను చైనాదే పైచేయి. 2024 సెప్టెంబరులో చైనా దాని ఎగుమతులపై ఆంక్షలు విధించింది. అప్పటికే ఆంబ్రి దివాలా తీసింది కనుక దివాలాకు ఇది కారణమని చెప్పడానికి లేదు. కాని ఆ బ్యాటరీ నిలదొక్కుకొని ఉంటే ఈ చిక్కును ఎదుర్కొనక తప్పేది కాదు.

బొగ్గులేని ఇనుము

సాడోవే అసలు వృత్తి లోహాలను తీయడం కనుక, చాలామంది పరిశీలకులు బ్యాటరీకన్నా ఈ పనికే ఎక్కువ విలువ ఇస్తారు. ఇనుప ఖనిజం ఇనుము, ఆక్సిజన్ల సమ్మేళనం. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో మాదిరిగా బ్లాస్ట్ కొలిమిలో కోకు బొగ్గుతో కలిపి వేడిచేస్తే, బొగ్గులోని కర్బనం ఆక్సిజన్‌ను లాక్కొని కార్బన్ డయాక్సైడుగా పోతుంది, ఇనుము మిగులుతుంది. ఈ దారిలో టన్ను ఉక్కుకు సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. ప్రపంచ వ్యాప్తంగా మానవులు వదిలే ఈ వాయువులో ఉక్కు పరిశ్రమ వాటా ఏడు శాతానికి తక్కువ కాదు.

సాడోవే సూచించిన దారి కరిగిన ఆక్సైడుల విద్యుద్విశ్లేషణ. ఇనుప ఖనిజాన్ని ఇతర ఆక్సైడులతో కలిపి సుమారు 1600 డిగ్రీల వద్ద కరిగించి విద్యుత్తు పంపితే, అడుగున ద్రవ ఇనుము చేరుతుంది, పైన స్వచ్ఛమైన ఆక్సిజన్ బయటికి వస్తుంది. కర్బనం ప్రమేయమే లేదు. చంద్రుడి మట్టినుండి ఆక్సిజన్ తీయడం సాధ్యమా అని నాసా సంస్థ ఆసక్తి చూపడం ఈ పరిశోధనకు ఊతమిచ్చింది. చంద్రుడిపై ఆక్సిజన్ అసలు సరుకు, లోహం ఉప ఉత్పత్తి. భూమిమీద ఇది తారుమారు. అమెరికా ఇనుము-ఉక్కు సంస్థ తోడ్పాటుతో ఈ పద్ధతి సాధ్యమేనని 2006లో ఆయన బృందం నిరూపించింది.

ఇక్కడా ఒక చిన్న వస్తువే పెద్ద అడ్డంకి అయింది. 1600 డిగ్రీల వద్ద ఆక్సిజన్ వెలువడే ఆనోడు తానే కాలిపోకుండా ఉండాలి. ఇరిడియం నిలిచింది కాని అది బంగారం కన్నా అరుదైన లోహం. ఉక్కు పరిశ్రమ మొత్తానికి సరిపడే ఇరిడియం భూమిమీద దొరకదు. 2013లో సాడోవే, ఆంటోయిన్ అల్లనోర్, లాన్ యిన్ కలిసి క్రోమియం, ఇనుము మిశ్రలోహం సరిపోతుందని నేచర్ పత్రికలో ప్రకటించారు. ఈ మిశ్రలోహం పైభాగంలో ఒక పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, లోపలి లోహాన్ని కాపాడుతూనే విద్యుత్తును పోనిస్తుంది. రెండూ చవకైన లోహాలే.

దీని ఆధారంగా 2012లో మొదలైన సంస్థ తరువాత బోస్టన్ మెటల్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. అల్లనోర్, జిమ్ యుర్కో దీని సహ వ్యవస్థాపకులు. ప్రపంచంలో పెద్ద ఉక్కు సంస్థలలో ఒకటైన ఆర్సెలర్ మిట్టల్ 2023లో ఇందులో పెట్టుబడి పెట్టింది. బ్రెజిల్‌లో ఒక అనుబంధ సంస్థను నెలకొల్పి, గనుల వ్యర్థాలనుండి నియోబియం, టాంటలం వంటి ఖరీదైన లోహాలను ఇదే పద్ధతిలో తీయడానికి పూనుకున్నారు. టన్నుకు కొద్ది వందల డాలర్లు పలికే ఉక్కుతో కాక, ఎక్కువ ధర పలికే లోహాలతో ముందుగా ఆదాయం సంపాదించాలన్న వ్యూహం ఆంబ్రి అనుభవంతో పోల్చి చూడదగినది. 2025లో మసాచుసెట్స్‌లోని వూబర్న్ కేంద్రంలో పారిశ్రామిక స్థాయి ఘటాన్ని నడిపి టన్ను పరిమాణంలో లోహాన్ని తీసినట్లు సంస్థ ప్రకటించింది.

టన్ను ఇనుముకు ఈ పద్ధతిలో సుమారు 4 మెగావాట్-అవర్ల విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తు బొగ్గు మండించి తెచ్చినదైతే చేసిన ప్రయోజనం చాలావరకు పోతుంది. అందుచేత ఈ పద్ధతి భవిష్యత్తు కూడా తిరిగి చవకైన స్వచ్ఛ విద్యుత్తు మీదనే ఆధారపడి ఉన్నది.

అల్యూమినియం, గంధకం

2022 ఆగస్టులో సాడోవే పేరు మరొకసారి నేచర్ పత్రికలో కనిపించింది. చైనాలోని పెకింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాంగ్ చువాన్‌చువాన్ మొదలైనవారితో కలిసి చేసిన ఈ పరిశోధనలో ఒక ఎలక్ట్రోడు అల్యూమినియం, రెండవది గంధకం. భూమి పైపొరలో అల్యూమినియాన్ని మించి దొరికే లోహం లేదు. గంధకం చమురు శుద్ధి కర్మాగారాల్లో కుప్పలుగా మిగిలే పదార్థం. నడుమనున్న లవణం అల్యూమినియం క్లోరైడు, సోడియం క్లోరైడు (మన ఉప్పే), పొటాషియం క్లోరైడుల మిశ్రమం. ఇది నీరు మరిగే ఉష్ణోగ్రతకన్నా తక్కువలోనే కరుగుతుంది. ఘటం 110 డిగ్రీల వద్ద పనిచేస్తుంది. 700 నుండి 450కి, అక్కడినుండి 110కి దిగిన ఈ అంకెలలోనే మూత సమస్యకు సమాధానం వెతికిన తీరు కనబడుతుంది.

లోహపు ఎలక్ట్రోడు గల బ్యాటరీల్లో ఛార్జి చేసేటప్పుడు సన్నని సూదులవంటి లోహపు ముళ్లు పెరిగి అవతలి ఎలక్ట్రోడును తాకడం పెద్ద ప్రమాదం. ఈ లవణంలో అటువంటి ముళ్లు పెరగలేదు. అందుచేత చాలా వేగంగా ఛార్జి చేయడం సాధ్యమైంది. ఘటంలోని పదార్థాల ఖర్చు లిథియం-అయాన్ ఘటంలో ఆరోవంతుకన్నా తక్కువని పరిశోధకుల అంచనా. ఇది ప్రయోగశాల అంచనా మాత్రమేనని ఆంబ్రి కథ చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. దీనిని ఇళ్లకు, చిన్న వ్యాపారాలకు పనికివచ్చే పరిమాణంలో తయారు చేయాలన్నది సాడోవే ఉద్దేశం. ఇందుకై పాత సహచరుడు ఒర్టిజ్‌తో కలిసి అవాంతి అనే సంస్థను స్థాపించాడు. లిథియం లోహపు బ్యాటరీల కోసం ఎమిలీ బోడోయిన్‌తో కలిసి స్థాపించిన ప్యూర్ లిథియం సంస్థ మరొకటి.

వీటికి చాలాముందే సాడోవే తన సహ ఆచార్యురాలు ఆన్ మేయస్‌తో కలిసి లిథియం బ్యాటరీలకు ద్రవం బదులు వాడదగిన ఘన పాలిమర్ విద్యుద్విశ్లేష్యాన్ని కనిపెట్టాడు. అది బజారులో పెద్దగా నిలవలేదు.

పురస్కారాలు

టొరంటో విశ్వవిద్యాలయం 2013లో తన పూర్వ విద్యార్థికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ద్రవలోహ బ్యాటరీకిగాను 2022లో ఐరోపా పేటెంటు కార్యాలయం వారి ఆవిష్కర్త పురస్కారం, ఐరోపాయేతర దేశాల విభాగంలో, లభించింది. బోధనకు ఎం.ఐ.టి. ఇచ్చే మెక్‌వికర్ ఫెలోషిప్ కూడా ఈయన పొందినవాటిలో ఉన్నది.